పడవలకు ట్రాకర్ల వివాదం: అసలు ముడి 2008లోనే పడింది

గోదావరికి వరద వచ్చినప్పుడల్లా, లక్నవరంలోనో పాకాలలోనో బోటింగ్ భద్రత గురించి ప్రస్తావన వచ్చినప్పుడల్లా వరంగల్‌లో ఒక డిమాండ్ మళ్లీ లేస్తుంది. నీటి మీదికి వెళ్లే ప్రతి పడవకూ, అది ఎక్కడుందో చూపే ట్రాకర్ తప్పనిసరి చేయాలన్నది ఆ డిమాండ్. ఇప్పుడు అది ఇంజన్ బోట్ల దగ్గర ఆగకుండా, సరదాకు నడిపే తెరచాప పడవల దాకా వచ్చింది. హైదరాబాద్‌లోని హుస్సేన్‌సాగర్‌కు పిల్లలను సెయిలింగ్ నేర్చుకోవడానికి పంపే తల్లిదండ్రులు ట్రాకర్ ఉంటే గుండె మీద చేయి వేసుకుని ఉండవచ్చంటారు. సెయిలింగ్ తెలిసినవారు మాత్రం ఏ ట్రాకర్, ఎవరికి కనిపించేది, సంకేతం అందుకునేది ఎవరు అని అడుగుతున్నారు. ఈ ప్రశ్నలకు జవాబు రాకుండా నియమం రాస్తే అది కాగితం మీదే ఉండిపోతుంది.

ఈ జిల్లాలో ఆ డిమాండ్‌కు ఇంత బలం ఎందుకుందో వేరే చెప్పనక్కర్లేదు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన రాయల్ వశిష్ట బోటులో కాజీపేట పక్కనున్న కడిపికొండ వాళ్లే 14 మంది ఉన్నారు. వారిలో అయిదుగురే బతికి బయటపడ్డారు. అయితే ఆ ప్రమాదం నుంచి ట్రాకర్ అవసరమన్న పాఠం తీయడం సరికాదు. బోటు ఎక్కడ మునిగిందో వెంటనే తెలిసింది. కళ్లెదుట చూసిన కచ్చులూరు గిరిజనులే నాటు పడవలు వేసుకుని వెళ్లి చేతికందిన వారిని ఒడ్డుకు చేర్చారు. చోటు తెలిసినా బోటును పైకి తీయడానికి అక్టోబర్ 22 దాకా పట్టింది. సుమారు 5 లక్షల క్యూసెక్కుల ప్రవాహంలో ఆ బోటును రేవు దాటనివ్వడమే అసలు తప్పు. ఆ తప్పును ఏ ట్రాకరూ పట్టుకోదు.

మరి ట్రాకర్‌ను సర్వరోగ నివారిణిగా చూసే అలవాటు ఎక్కడి నుంచి వచ్చింది? నా దృష్టిలో దానికి మూలం కుబేర్ అనే ఒక చేపల పడవ. 2008 నవంబర్‌లో ముంబైపై దాడికి వచ్చిన ఉగ్రవాదులు గుజరాత్‌కు చెందిన ఆ పడవను సముద్రంలో చేజిక్కించుకుని, దాని తండేలును చివరిదాకా నడిపించి చంపేశారు. పడవను వదిలేసి రబ్బరు పడవలో ఒడ్డుకు చేరారు. తర్వాత కుబేర్‌లో దొరికిన వాటిలో రెండు వస్తువులు ఈ కథకు ముఖ్యం. ఒకటి జీపీఎస్ పరికరం, రెండోది శాటిలైట్ ఫోను. చిన్న పడవల విషయంలో ఆ తర్వాత మన దేశంలో వచ్చిన నియమాలు చాలావరకు ఆ రెండింటి చుట్టూనే తిరిగాయి.

అంతకుముందు ఓడల ట్రాకింగ్ ఉద్దేశం వేరు. ఏఐఎస్ అనే పరికరం ఓడ పేరు, వేగం, దిశలను వీహెచ్‌ఎఫ్ రేడియో ద్వారా చుట్టుపక్కల ఓడలకు చెబుతూ ఉంటుంది. ఒకదానినొకటి ఢీకొనకుండా చూడటమే దాని మొదటి పని. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2000లో తెచ్చిన సవరణ ప్రకారం విదేశీ ప్రయాణాలు చేసే 300 టన్నులు, ఆపై ఓడలకూ, ప్రయాణికుల ఓడలన్నింటికీ అది తప్పనిసరి అయింది. సరదా పడవలను ఆ నియమం తాకనే లేదు. 2001లో అమెరికాపై దాడుల తర్వాత గడువును ముందుకు జరిపి 2004 చివరికల్లా అమర్చాలన్నారు. దాంతో భద్రతా పరికరం నిఘా పరికరంగానూ మారింది. ఆ సమాచారం ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించడం ప్రమాదకరమని అదే సంస్థ 2004లోనే హెచ్చరించింది కూడా.

కుబేర్ తర్వాత మన దేశం రెండు దారులు పట్టింది. 20 మీటర్లు దాటిన పడవలకు ఏఐఎస్ తప్పనిసరి చేశారు. మరోవైపు తురాయా, ఇరీడియం శాటిలైట్ ఫోన్ల మీద ఆంక్షలు బిగించారు. టెలికం శాఖ అనుమతి లేకుండా అలాంటి పరికరం దగ్గర ఉంచుకుంటే అరెస్టు దాకా వెళ్తుంది. పర్వతారోహకులు, యాత్రికులు వాడే చిన్న శాటిలైట్ సందేశ పరికరాలు సంచుల్లో దొరికి విమానాశ్రయాల్లో విదేశీయులు చిక్కుల్లో పడ్డారు. బ్రిటన్ ప్రభుత్వం తన పౌరులను దీని గురించి ముందే హెచ్చరిస్తోంది.

తెరచాప నావికులకు ఇక్కడే ఊపిరాడదు. నువ్వెక్కడున్నావో మాకు కనిపించాలి అంటుంది ప్రభుత్వం. ఆపదలో ఉన్నానని నేను చెప్పుకునే పరికరం ఉంచుకోనివ్వండి అంటాడు నావికుడు. మొదటిది తప్పనిసరి చేసి రెండోదాన్ని అనుమానంగా చూస్తే ఆ నియమం ఎవరి ప్రాణం కోసం?

2018లో మన దేశ నావికుడు అభిలాష్ టోమీకి జరిగింది చూస్తే తేడా తెలుస్తుంది. గోల్డెన్ గ్లోబ్ రేసులో 1968 నాటి పరిజ్ఞానంతోనే తెరచాప పడవలో ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టాలి, జీపీఎస్ చూసుకోకూడదు. కానీ ప్రతి పడవలోనూ ఒక ట్రాకర్ ఉంటుంది. నావికుడికి తన స్థానం కనిపించదు, నిర్వాహకులకు మాత్రం కనిపిస్తుంది. చిన్న సందేశాలు పంపుకునే వీలూ అందులోనే ఉంది. సెప్టెంబర్ 21న హిందూ మహాసముద్రం దక్షిణాన తుఫానులో ఆయన పడవ తురీయ బోల్తా కొట్టి, తెరచాప కొయ్య విరిగి, ఆయన వెన్నెముకకు తీవ్ర గాయమైంది. లేవలేని స్థితిలో ఆయన పంపిన నాలుగు ముక్కల సందేశమే ఆధారమైంది. మన నౌకాదళ విమానం ఆ పడవను గుర్తించింది. 24న ఒసిరిస్ అనే ఫ్రెంచ్ నౌక ఆయనను పడవలో నుంచి తీసుకుంది. ఎవరికి కనిపించాలో ముందే తేల్చుకోవడం, అవతల వినే మనిషి ఉండటం, ఇటు నుంచి మాట పంపే వీలుండటం, ఈ మూడూ కలిసి ఆయన్ను కాపాడాయి. అదే అభిలాష్ 2023లో అదే రేసును రెండో స్థానంలో ముగించారు.

ఏఐఎస్ ఒక్కటే చాలనుకునేవారు 2021 జనవరి 27 రాత్రిని గుర్తు చేసుకోవాలి. ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టే మరో తెరచాప పడవల పోటీ వాందే గ్లోబ్ రేసు ముగింపుకు సుమారు 90 మైళ్ల దూరంలో బోరిస్ హెర్మన్ పడవ ఒక చేపల నౌకను ఢీకొంది. పడవ నిండా పరికరాలే. ఒక్క అలారం కూడా మోగలేదని ఆయన చెప్పారు. చిన్న పడవలు వాడే క్లాస్ బి పరికరం సాధారణంగా 2 వాట్ల శక్తితో, 30 సెకన్లకు ఒకసారి మాత్రమే సంకేతం పంపుతుంది. పెద్ద ఓడలది 12.5 వాట్లు. రేవు దగ్గర పరికరం స్క్రీన్ గుర్తులతో నిండిపోతే పెద్ద ఓడలోని అధికారి చిన్న పడవల గుర్తులను దాచేయగలడు కూడా. పైగా ఎప్పుడూ ప్రసారం చేయడానికి కరెంటు కావాలి. తెరచాప పడవలో అది బ్యాటరీ, సౌర పలక ఇచ్చినంతే. అందుకే చాలామంది ముందు ఇతరుల సంకేతాలు అందుకునే రిసీవర్ పెట్టుకుని, ఓడలు తిరిగే దారుల్లో ప్రసారం కూడా చేయాలంటారు.

తీర భద్రత చూసే అధికారుల వాదనలోనూ బలం ఉంది. ఏ పడవ ఎవరిదో తెలియకపోతే ఇంకో కుబేర్‌ను ఆపలేమన్నది వారి మాట. 2024 ఆగస్టు 30న పాల్ఘర్‌లో ప్రధాని ప్రారంభించిన పథకం కింద లక్ష చేపల పడవలకు ట్రాన్స్‌పాండర్లు ఇస్తున్నారు. మత్స్యకారుడు అటు సందేశం పంపగలడు, తుఫాను హెచ్చరిక ఇటు అందుకోగలడు. 2008 తర్వాత వేసిన సరైన అడుగు ఇదే. సరదా పడవల నియమం రాసేవారు దీన్నే నమూనాగా తీసుకోవాలి.

ఇక మన చెరువుల సంగతి. లక్నవరం నుంచి సముద్ర తీరం 200 కిలోమీటర్లకు పైనే. తీరంలోని ఏఐఎస్ కేంద్రాలకు అక్కడి సంకేతం చేరదు. మొబైల్ నెట్‌వర్క్ మీద నడిచే ట్రాకర్‌కు గుట్టల మధ్య సిగ్నల్ ఉండాలి. పిల్లలు నేర్చుకునే ఆప్టిమిస్ట్ పడవ పొడవు 2.3 మీటర్లు, అందులో బ్యాటరీకి చోటే లేదు. అక్కడ బిడ్డకు కావలసింది ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్, పక్కనే తిరిగే రక్షణ పడవ, గాలి పెరిగితే అందరినీ ఒడ్డుకు పిలిచే శిక్షకుడు. 2021 నాటి దేశీయ జలరవాణా నౌకల చట్టం ఇంజన్ లేని పడవల నమోదు, కనీస ప్రమాణాల పనిని స్థానిక సంస్థల దాకా తెచ్చింది. ట్రాకర్ కావాలా వద్దా అని వాదిస్తున్న రెండు పక్షాలూ ఆ స్థానిక సంస్థలను ముందు అడగాల్సింది ఒకటుంది. సంకేతం వచ్చినప్పుడు దాన్ని అందుకుని, పడవ వేసుకుని బయలుదేరే మనిషి ఒడ్డున ఎవరు? ఆ మనిషిని నియమించాకే పరికరం కొనాలి.