పోయిన పావుకు బదులు పావు: అపోహలు - వాస్తవాలు

బోర్డు గేములో ముక్క పోయినప్పుడు ఆటలో అది ఏం పని చేస్తుందో ముందు చూడాలి. లెక్క కోసం పెట్టేది, సంచిలోంచి చూడకుండా తీసేది, దెబ్బ తగిలితే కదలాల్సింది... ఈ మూడింటికీ ఒకే మందు పనిచేయదు.

అపోహ: టోకెన్లు అయిపోతే గవ్వో గుండీయో పెట్టుకుంటే సరి.

కొన్నిటికే సరి. మోనోపలీలో బ్యాంకు నోట్లు అయిపోతే కాగితం ముక్కల మీద రాసి ఇవ్వొచ్చని రూలే చెబుతుంది. అదే పెట్టెలో ఇళ్లు మాత్రం 32, హోటళ్లు 12. ఇళ్లు అయిపోతే ఎవరైనా తిరిగిచ్చేదాకా ఆగాల్సిందే. ఆ కొరతతో ఎదుటివాళ్లను కట్టనివ్వకుండా చేయడం మంచి ఎత్తు కూడా. 33వ ఇల్లు పెడితే ఆ ఎత్తు చచ్చిపోతుంది. కటాన్ అనే ఆటలోనూ అంతే: ఒక్కొక్కరికి 15 రోడ్లు, 5 సెటిల్‌మెంట్లు, 4 సిటీలు. ముక్కలు కొనే ముందు రూల్‌బుక్కులోని సామాన్ల జాబితాతో పెట్టెలో ఉన్నవి లెక్క సరిచూడండి.

అపోహ: రంగు కలిస్తే చాలు.

అజూల్ అనే టైల్స్ ఆటలో 5 రంగులు, రంగుకు 20 చొప్పున 100 టైల్స్ ఉంటాయి. వాటిని సంచిలో చెయ్యి పెట్టి తీస్తారు. కొత్త టైల్ అంచు కాస్త పదునుగా ఉన్నా వేలికి దొరికిపోతుంది. ఇలాంటి ఆటల్లో వేలికి తెలిసిపోయే టైల్ కంటే ఒక టైల్ తక్కువతో ఆడటమే నయం. కార్డు పోతే బదులు కార్డు చేసి, కట్ట మొత్తానికీ వెనక వైపును కనపడనివ్వని స్లీవులు (కార్డు తొడుగులు) వేయండి.

క్యారమ్‌కు తూకం ముఖ్యం. పోటీ నిబంధనల ప్రకారం కాయిన్ వ్యాసం 3.02 - 3.18 సెం.మీ., మందం 7 - 9 మి.మీ., బరువు 5 - 5.5 గ్రాములు. పాత సెట్‌లో ఒక కొత్త కాయిన్ కలిపితే దెబ్బకు అదొక్కటే వేరే దూరం పోతుంది. 19 కాయిన్లూ కలిపి మార్చేయండి.

అపోహ: అట్ట టోకెన్ అంటే ప్రింట్ తీసి ఫెవికాల్‌తో అంటించడమే.

మన విశాఖలో ఎక్కువ టోకెన్లు పాడయ్యేది ఇక్కడే. తెల్ల జిగురులో నీళ్లుంటాయి. తడికి కాగితం సాగుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుని అట్టను తనవైపు లాగుతుంది, టోకెన్ మూకుడులా వంగుతుంది. సముద్రపు తేమకు ఆరడమూ ఆలస్యమే. రెండు వైపులా ఒకే మందం కాగితాన్ని ఒకేసారి అంటిస్తే రెండు లాగుడులూ సమానమై అట్ట తిన్నగా నిలుస్తుంది.

ఉన్న టోకెన్‌ను 300 డీపీఐలో స్కాన్ చేయండి. జిరాక్స్ షాపులో 'ఫిట్ టు పేజ్' ఆప్షన్ ఆపించి 100 శాతం సైజులో లేజర్ ప్రింట్ అడగండి. ఇంక్‌జెట్ రంగు జిగురు తడికి పాకుతుంది. అసలు టోకెన్ మందం వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిచి, దానికి తగ్గ మిల్ బోర్డు అనే గట్టి అట్ట (తరచుగా 2 మి.మీ. సరిపోతుంది) తీసుకోండి. జిగురు పలచగా రాసి, బటర్ పేపర్ మధ్య పెట్టి, ఒక రోజంతా బరువు కింద ఉంచాకే కోయండి. గుండ్రటి వాటికి తోలు పనివాళ్లు వాడే పంచ్ పెట్టి, చెక్క మీద సుత్తితో ఒకే దెబ్బ కొట్టాలి. రెండో దెబ్బకు అంచు పొరలుగా విడిపోతుంది. తేమ దూరేది ఆ అంచులోంచే కాబట్టి రంగులేని నెయిల్ పాలిష్ ఒక పూత వేయండి.

అపోహ: త్రీడీ ప్రింట్ ముక్కకు తిరుగులేదు.

ఈ ప్రింట్లకు ఎక్కువగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెల ఎండలో, తలుపులేసిన కారులో వదిలేస్తే వంగొచ్చు. ప్రింట్ అవుతుంటే చిటపటలు, సాలెగూడు దారాలు కనిపిస్తే ఫిలమెంట్ (ప్రింటర్‌లో వేసే ప్లాస్టిక్ తీగ) తేమ పీల్చిందని అర్థం. 45 - 50 డిగ్రీల్లో 4 నుంచి 6 గంటలు ఆరబెట్టాలి.

అపోహ: ఏటికొప్పాక లక్క పని బొమ్మలకే.

పావులకు అంతకంటే అందమైనది మనకు దగ్గర్లో లేదు. అంకుడు కర్రను లేత్ మీద తిప్పి, ఆ రాపిడి వేడికి లక్క కరిగించి పట్టిస్తారు. తిరిగే పని కాబట్టి పావులు, బిళ్లలు, గూటాలు చక్కగా వస్తాయి, ఘనాకారం రాదు. కర్ర తేలిక, మెత్తన. క్యారమ్ కాయిన్లకు వద్దు. కాగితం మీద బొమ్మ గీసి ఇవ్వడం కంటే మిగిలిన పావు ఒకటి చేతికివ్వండి, లక్క పూత మందం కూడా కలుపుకునే కొలత తీసుకోమనండి. రంగుకు రెండు ఎక్కువే చేయించండి, తర్వాతి విడతలో అదే ఛాయ దొరకడం కష్టం.