జ్యూరిక్ ప్రవాసంలో పుట్టిన 'భవిష్యత్తు కళ'

1849 మే నెలలో జర్మనీలోని శాక్సనీ రాజధాని డ్రెస్డెన్ నగరం రాజు మీద తిరగబడింది. శాక్సనీ రాజు ఆస్థానంలో ఆరేళ్లుగా సంగీత నిర్వాహకుడిగా ఉన్న ఒపేరా (పాటలతో నడిచే నాటకం) స్వరకర్త రిచర్డ్ వాగ్నర్ తిరుగుబాటుదారుల వైపు నిలిచాడు. ప్రష్యా సైన్యం దాన్ని అణచివేశాక ఆయన మీద వారంటు వెలువడింది. సహచరులైన సంగీతకారుడు రోకెల్, రష్యన్ విప్లవకారుడు బకూనిన్ పట్టుబడ్డారు. వాగ్నర్ మాత్రం స్వరకర్త లిస్ట్ సాయంతో తప్పించుకుని స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ చేరాడు.

ఉద్యోగం లేదు, నాటకశాల లేదు. అప్పుడే కలం పట్టాడు. 'కళ - విప్లవం', 'భవిష్యత్తు కళాకృతి' ఆ ఏడాదే రాశాడు, 'ఒపేరా - నాటకం' 1851లో ముగించాడు. ఇవి తీరిగ్గా అల్లిన సౌందర్యశాస్త్రం కాదు. నాటకశాల ఎవరి చేతుల్లో ఉండాలన్నదే వీటి అసలు ప్రశ్న అని నా నమ్మకం.

ఆ ప్రశ్న డ్రెస్డెన్‌కు ముందే మొదలైంది. 1839 నుంచి 1842 దాకా పారిస్‌లో ఆయన పూట గడవక, ప్రచురణకర్తల కోసం ఇతరుల ఒపేరా పాటలకు వాద్యరూపాలు రాసిచ్చాడు. అక్కడి ఒపేరా డబ్బున్నవాళ్ల కాలక్షేపంగా కనిపించింది. దానికి ఎదురుగా ప్రాచీన ఏథెన్స్ విషాదనాటకాన్ని నిలబెట్టాడు: ఊరంతా కదిలివచ్చే పండుగ, కవిత్వం, సంగీతం, నృత్యం విడిపోని కళ. వాటిని మళ్లీ కలపాలన్నాడు. జర్మన్ తత్వవేత్త ఫోయర్‌బాఖ్ ప్రభావం అప్పట్లో ఎంత బలంగా ఉందంటే, 'భవిష్యత్తు కళాకృతి'ని ఆయనకే అంకితమిచ్చాడు.

'ఒపేరా - నాటకం'లో వాదన ఇంకా సూటిగా ఉంటుంది. సాధనం కావలసిన సంగీతం లక్ష్యమైంది, లక్ష్యం కావలసిన నాటకం సాధనమైంది అంటాడు. పద్యనాటకంలో రాగాలాపన సాగుతుండగా కథ ఆగిపోవడం, జనం వన్స్‌మోర్ కొట్టడం చూసినవాళ్లకు ఈ ఫిర్యాదు వెంటనే తెలుస్తుంది.

ఇదే కాలంలో, 1850లో, మారుపేరుతో యూదు సంగీతకారులపై విషం కక్కే వ్యాసం అచ్చువేయించాడు. డ్రెస్డెన్‌లో తన తొలి విజయానికి సిఫారసు చేసిన యూదు స్వరకర్త మేయర్‌బీర్ దానికి ఒక లక్ష్యం. 1869లో సొంత పేరుతో మళ్లీ ప్రచురించాడు. దీన్ని ఒక్కరోజు కోపంగా కొట్టిపారేయలేం. కళను అంగడి సరుకు చేసిన వ్యవస్థ మీద మొదలైన నేరారోపణ ఇక్కడ ఒక జాతి మీదికి మళ్లింది. ఆ పుస్తకాలను ప్రేమించేవాళ్లు ఈ వ్యాసాన్నీ వాటి పక్కనే ఉంచి చదవాలి.

'భవిష్యత్తు సంగీతం' అన్న మాటను ప్రత్యర్థులు ఎగతాళిగా వాడుకున్నారు. 1854లో సంగీత విమర్శకుడు హాన్స్‌లిక్ సంగీతసౌందర్యం స్వరాల్లోనే ఉంటుందని వాదించాడు. అదే ఏడాది తత్వవేత్త షోపెన్‌హావర్‌ను చదివిన వాగ్నర్ కూడా క్రమంగా మారాడు. 1870 నాటి 'బీథోవెన్' వ్యాసంలో సంగీతానికే పెద్దపీట వేశాడు.

చెక్కలతో తాత్కాలిక నాటకశాల కట్టి, ఉచితంగా ప్రదర్శించి, ఆ తర్వాత దాన్ని కూల్చేస్తానని 1850లో మిత్రులకు ఉత్తరాలు రాశాడు. 1876 ఆగస్టులో జర్మనీ పట్టణం బైరాయిట్‌లో వాద్యబృందాన్ని ప్రేక్షకుల కంటికి కనిపించకుండా దాచి, హాలు చీకటి చేసి, నాటకం మీదే చూపు నిలిపిన ఆయన శాల సంగీతోత్సవంతో తెరుచుకుంది. ఉచిత ప్రవేశం మాత్రం సాధ్యపడలేదు. నిధుల కోసం 300 థాలర్ల (నాటి జర్మన్ వెండి నాణేలు) చొప్పున పోషకపత్రాలు అమ్మారు, బవేరియా రాజు లుడ్విగ్ అప్పిచ్చాడు. అయినా భారీ నష్టం మిగిలింది. మరో ఉత్సవానికి 1882 దాకా ఆగవలసి వచ్చింది.