కెమెరా మార్చాలా, సాధన మార్చాలా? ఫొటోగ్రఫీలో అపోహలు - వాస్తవాలు

ఫొటోగ్రఫీ నేర్చుకోవాలని నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది, తాము తీసిన ఒక్క ఫొటో అయినా చూపించక ముందే, "మాస్టారూ, ఏ కెమెరా కొనమంటారు?" అని అడుగుతారు. విశాఖపట్నంలో పెళ్లిళ్ల ఫొటోలు తీస్తూ, తీరిక ఉన్నప్పుడు కొత్తవారికి నేర్పుతూ గడిపిన ఇన్నేళ్లలో ఇంత తరచుగా విన్న ప్రశ్న మరొకటి లేదు. అడిగేవారిని నేను తప్పుపట్టను. యూట్యూబ్ తెరిస్తే కొత్త మోడల్ గురించే మాట్లాడతారు. వాట్సాప్ గ్రూపుల్లో, ఫుల్ ఫ్రేమ్ (వెలుగును పట్టే సెన్సర్ పెద్దదిగా ఉండే ఖరీదైన కెమెరా) లేనివాడికి పెళ్లి ఆర్డర్లే రావని ఎవరో ఒకరు ప్రచారం చేస్తూనే ఉంటారు. చిన్న జీతంతో బతుకుతున్న కుర్రవాడు ఆ మాటలు నమ్మి వాయిదాల మీద అప్పు చేస్తాడు. మిగతా అపోహల వల్ల జరిగే నష్టం ఈ అప్పు ముందు చాలా చిన్నది కనుక, దీని గురించే ఎక్కువగా రాస్తున్నాను.

అపోహ: ఎదుగుదల ఆగిపోయిందంటే కెమెరా మార్చే సమయం వచ్చినట్టే.

వాస్తవం: ఎదుగుదల ఆగినట్టు అనిపించడం అబద్ధం కాదు, ఆ దశ అందరికీ వస్తుంది. కానీ దానికి కారణం కెమెరాలో ఉండటం చాలా అరుదు. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వైశాల్యం, చవకైన కెమెరాల్లో ఎక్కువగా ఉండే చిన్న ఏపీఎస్-సీ సెన్సర్‌కు రెండు రెట్లకు కొంచెం పైన ఉంటుంది. అందువల్ల అదే ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం), అదే షట్టర్ స్పీడ్‌తో (వెలుగు లోపలికి పడే సమయం) తీసినప్పుడు నాయిస్, అంటే ఫొటోలో కనిపించే గరుకు చుక్కలు, సుమారు ఒక స్టాప్ (వెలుగు రెట్టింపు కావడం ఒక స్టాప్) మేర తగ్గుతుంది, మనిషి వెనుక ఉన్న దృశ్యం మరికొంత మసకబారుతుంది. లక్షల రూపాయలు పెట్టి కొనేవారికి ప్రధానంగా దక్కేది ఇదే. ఇక మెగాపిక్సెళ్ల సంగతికి వస్తే, 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఇచ్చే ఫొటో 6000×4000 పిక్సెళ్లు ఉంటుంది. మన 12×36 పెళ్లి ఆల్బమ్‌లో సగం షీటు, అంటే 12×18 అంగుళాల పేజీ నిండా ఒకే ఫొటో వేసినా అంగుళానికి 333 పిక్సెళ్లు దొరుకుతాయి. మంచి ముద్రణకు 300 చాలు.

గాజువాక నుంచి ఒక కుర్రవాడు వచ్చాడు. కెమెరా లోన్‌కు సంతకం పెట్టేందుకు తండ్రిని అప్పటికే ఒప్పించాడు. కెమెరాతో పాటు వచ్చిన తన కిట్ లెన్స్‌తో ఏదీ స్పష్టంగా రావడం లేదని, అందుకే కొత్త బాడీ (లెన్స్ కాకుండా కెమెరా) కొంటున్నానని చెప్పాడు. ముందు ఆ ఫొటోలు చూపించమన్నాను. సాయంత్రం ఆర్కే బీచ్‌లో పరుగులు తీస్తున్న పిల్లలు. ఫొటోలన్నిటా ముఖాలు చెదిరిపోయి ఉన్నాయి. ఫొటో వివరాలు తెరిచి చూస్తే ఎపర్చర్ ఎఫ్/5.6 (ఈ అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది), షట్టర్ స్పీడ్ 1/40 సెకను, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే తీవ్రత) 100. ఐఎస్ఓ పెంచితే ఫొటో పాడైపోతుందని ఎవరో చెప్పగా విని, ఎంత చీకటి పడినా ఆ అంకెను అతను కదపలేదు. పరుగెత్తే పిల్లలను 1/40 దగ్గర ఎంత ఖరీదైన కెమెరా కూడా నిలబెట్టలేదు. ఐఎస్ఓను 100 నుంచి 1600కు పెంచితే సెన్సిటివిటీ పదహారు రెట్లవుతుంది, అదే వెలుగులో అదే ఎపర్చర్‌తో షట్టర్ స్పీడ్ 1/640కి చేరుతుంది. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించి, మళ్లీ అదే చోటికి, అదే వేళకు వెళ్లి రమ్మన్నాను. ఈసారి తెచ్చిన ఫొటోల్లో నాయిస్ ఉన్న మాట నిజమే, కానీ పిల్లల కళ్లు, నవ్వు, కాళ్ల దగ్గర ఎగిసిన ఇసుక స్పష్టంగా ఉన్నాయి. లోన్ కాగితాలు వెనక్కి వెళ్లాయి. ఇలాంటివారి ఆందోళన నాకు అర్థమవుతుంది. తోటివారు ముందుకు వెళ్లిపోతున్నారన్న భయం వారిని దుకాణం దాకా నడిపిస్తుంది. వివరాలు చూడకుండా "కెమెరా మార్చెయ్" అని సలహా పడేసేవారి మీద మాత్రం నాకు ఓర్పు లేదు, ఎందుకంటే వాయిదా కట్టేది వారు కాదు.

ఖర్చు పెట్టక తప్పదనుకుంటే ముందు 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ గురించి ఆలోచించండి. కిట్ లెన్స్‌ను జూమ్ చేసి ఎఫ్/5.6 దగ్గర వాడుతున్నవారికి, ఎఫ్/1.8 దగ్గర తొమ్మిది రెట్లకు పైగా వెలుగు అందుతుంది. కొత్త బాడీ ఇచ్చేది ఒక స్టాప్ అయితే, ఇది మూడు స్టాప్‌లకు పైనే. ఏపీఎస్-సీ కెమెరా మీద ఆ లెన్స్, ఫుల్ ఫ్రేమ్ మీద ఇంచుమించు 75 ఎంఎం లెన్స్ ఇచ్చేంత దృశ్యాన్ని చూపిస్తుంది కనుక మనుషుల ఫొటోలకు చక్కగా సరిపోతుంది. ఏ పరికరమైనా, అది లేక ఏ ఫొటో తప్పిపోయిందో మీరు పేరు పెట్టి చెప్పగలిగినప్పుడే కొనండి. డబ్బు తీసుకుని పెళ్లిళ్లు తీసేవారికి రెండు మెమరీ కార్డుల్లో ఒకేసారి రాసే బాడీ అవసరమే, ఎందుకంటే కార్డు పాడైతే తలంబ్రాలు మళ్లీ పోయించలేము. పక్షుల ఫొటోలు తీసేవారికి పొడవైన లెన్స్ అవసరమే. "ఏదో తక్కువవుతోంది" అన్నది మాత్రం కొనడానికి కారణం కాదు.

విశాఖవాసులకు మరో మాట చెప్పాలి. కొన్న లెన్స్‌ను వాడకుండా సంచిలో పెట్టి బీరువాలో దాచేవారు చాలామంది. మన సముద్రపు గాలిలోని తేమకు, గాలి ఆడని చీకటి చోట లెన్స్ అద్దాల మీద ఫంగస్ పడుతుంది. అది ముదిరి పూతను తిన్న తరువాత శుభ్రం చేయించినా మరక పూర్తిగా పోదు. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోవాలి. అన్నిటికన్నా ముందు, లెన్స్‌ను తరచుగా బయటకు తీసి వాడాలి.

అపోహ: రోజూ ఫొటోలు తీస్తూ ఉంటే నైపుణ్యం దానంతట అదే వస్తుంది.

వాస్తవం: అలవాటైన చోట, అలవాటైన వెలుగులో, అలవాటైన కోణంలో వేల ఫొటోలు తీసినా, చేతికి వచ్చిందే మళ్లీ వస్తుంది. ఇంతకు ముందు రానిదాన్ని ఎదురుగా పెట్టుకున్న సాధనే మనిషిని కదిలిస్తుంది, దానికి మన ఊరికన్నా మంచి బడి నాకు తెలియదు. ఇక్కడ సూర్యుడు సముద్రం మీద ఉదయించి ఊరివైపు కొండల వెనుక అస్తమిస్తాడు. పొద్దున్నే బీచ్‌లో మనిషిని సముద్రం వైపు వీపు పెట్టి నిలబెడితే ముఖం నల్లబడుతుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా ఎంచిన వెలుగును మనం సరిచేసే అమరిక) పెంచి ముఖాన్ని కాపాడాలా, తగ్గించి సిల్హౌట్‌గా (నల్లని నీడ రూపంగా) మలచాలా అన్నది నిర్ణయించుకోవడమే ఒక పాఠం. సాయంత్రం అదే మనిషి అదే చోట నిలబడితే వెలుగు ఎదురుగా, మెత్తగా ముఖం మీద పడుతుంది. ఒకే చోటికి రెండు వేళల్లో వెళ్లి ఈ తేడాను ఫొటోల్లో పట్టుకొచ్చినవారు, లైటింగ్ గురించి నేను గంటసేపు చెప్పినదానికన్నా ఎక్కువ నేర్చుకున్నారు.

నా దగ్గర నేర్చుకునేవారికి ఇచ్చే పనులు ఇలాగే ఉంటాయి. ట్రైపాడ్ వేసి ఒకే చోట అలలను 1/1000 దగ్గర, 1/4 దగ్గర, తెల్లవారక ముందు కొన్ని సెకన్ల ఎక్స్‌పోజర్ దగ్గర తీయాలి: మొదటిదాంట్లో నీటి బొట్లు గాలిలో ఆగుతాయి, రెండోదాంట్లో నురుగు గీతలవుతుంది, మూడోదాంట్లో సముద్రం పొగమంచులా మారుతుంది. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల దగ్గర వైట్ బ్యాలెన్స్‌ను (రంగులను వెలుగుకు తగ్గట్టు సరిచేసే అమరిక) ఆటోలో వదిలేస్తే కెమెరా ఆ ఎరుపును సరిచేయబోయి చప్పబరచవచ్చు కనుక, డేలైట్‌లో పెట్టి తీసి రెండింటినీ పోల్చాలి. ఫిషింగ్ హార్బర్‌కు వేకువనే వెళ్లి, వేలంపాట జరుగుతున్న చోట బల్బుల వెలుగులో, జూమ్ లేని ఒకే లెన్స్‌తో పనిచేయాలి. ప్రసిద్ధ ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్ బ్రెస్సాన్ తన పనిలో అధిక భాగం 50 ఎంఎం లెన్స్‌తోనే చేశారు. జూమ్ లేకపోతే మన కాళ్లు కదులుతాయి, మనుషులకు దగ్గరగా వెళ్లవలసి వస్తుంది, వారితో మాట్లాడవలసి వస్తుంది. అక్కడ చేపలు వేరుచేసే ఆడవారిని అడగకుండా తీయవద్దని గట్టిగా చెబుతాను. "తియ్యి బాబూ" అని వారు అన్న తరువాత వచ్చే ఫొటో వేరుగా ఉంటుంది.

పని అంతటితో పూర్తి కాదు. ఇంటికి వచ్చి, నచ్చని ఫొటోలను వెంటనే చెరిపేయకుండా, ఒక్కొక్కటి ఎందుకు నచ్చలేదో నోట్‌బుక్‌లో రాసుకోవాలి: ఫోకస్ చెవి మీద పడింది, తల వెనుక కరెంటు స్తంభం వచ్చింది, క్షణం ఆలస్యమైంది. చాలామంది వదిలేసేది ఈ భాగాన్నే. పెళ్లిలో జీలకర్ర బెల్లం వేళ తెర తొలగిన తరువాత వధూవరులు ఒకరినొకరు చూసుకునేది రెండు మూడు క్షణాలు. ఆ క్షణం చేతికి అందాలంటే వేలి వేగం చాలదు. పురోహితుడు ఏ మంత్రం దగ్గర తెర తీయిస్తారో ముందే అడిగి తెలుసుకోవాలి, మండపం ఎల్ఈడీ లైట్ల గులాబీ రంగు పెళ్లికూతురి చెంప మీద ఎంత పడుతోందో ముందే పరీక్షించుకోవాలి. గత పెళ్లిలో ఏది తప్పిపోయిందో రాసుకున్నవారికే ఈ జాగ్రత్త గుర్తుకొస్తుంది.

మిగతా అపోహలకు ఇంత చోటు అక్కర్లేదు.

మాన్యువల్ మోడ్‌లో (అన్ని విలువలూ తామే ఎంచుకుంటూ) తీసేవారే అసలైన ఫొటోగ్రాఫర్లన్నది వట్టి మాట. వెలుగు మారిపోతూ ఉండే ఊరేగింపులో ఎపర్చర్ ప్రయారిటీ (ఎపర్చర్ మనం ఎంచితే షట్టర్ స్పీడ్ కెమెరా ఎంచుకునే మోడ్) వాడే అనుభవజ్ఞులు ఎందరో ఉన్నారు. కెమెరా ఏ విలువలు ఎంచుకుందో, ఎందుకు ఎంచుకుందో తెలిస్తే చాలు.

ఎడిటింగ్ మోసమన్నది కూడా నిజం కాదు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ గ్రామం మీద చంద్రోదయాన్ని తీసి, ఆ ఒక్క నెగెటివ్‌ను దశాబ్దాల పాటు డార్క్‌రూమ్‌లో మళ్లీ మళ్లీ ప్రింట్ చేస్తూ ఆకాశాన్ని మరింత నల్లగా మలిచారు. వార్తా ఫొటోల్లో లేనిదాన్ని చేర్చడం, ఉన్నదాన్ని తొలగించడం మాత్రం తప్పే.

మంచి ఫొటోలకు దూరప్రాంతాలు తిరగాలన్న మాట విని, లంబసింగి మంచు కోసం శీతాకాలమంతా ఎదురుచూసేవారు పూర్ణా మార్కెట్‌లోకి ఒక్కసారీ కెమెరాతో అడుగుపెట్టి ఉండరు. ఊళ్లో తిరిగేటప్పుడు నౌకాదళ ప్రాంతాల్లోనూ పోర్టు పరిసరాల్లోనూ నిషేధ బోర్డులు చూసి నడుచుకోండి. డ్రోన్ ఎగరేసే ముందు ఆ ప్రాంతం ఏ జోన్‌లో ఉందో (అక్కడ ఎగరేయవచ్చో లేదో) ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో తప్పకుండా చూడండి.

లైకులు తగ్గాయని దిగులుపడి నాకు ఫోన్ చేసేవారికి ఒకటే చెబుతున్నాను. ఫోన్ తెర మీద క్షణం చూసి వేలితో జరిపేసినవారి లెక్క మీ ఫొటోలో ఏ లోపం ఉందో చెప్పదు. మీకన్నా కొంచెం ముందు నడుస్తున్న ఒక మనిషిని వెతుక్కుని, ఫొటోలు ప్రింట్ తీయించి వారి ముందు బల్ల మీద పరచండి. నా దగ్గరకే వచ్చేటట్టయితే బాగా వచ్చినవాటితో పాటు, ఎందుకు చెడిపోయాయో ఎంత ఆలోచించినా మీకు తెలియని ఫొటోలను, వాటి సెట్టింగ్‌లతో సహా తీసుకురండి. పని అక్కడి నుంచి మొదలుపెడదాం.