రియాక్ట్‌లో దారులు చీలే కథలు: అపోహలు - వాస్తవాలు

వెబ్ పేజీలు చేసే జావాస్క్రిప్ట్ లైబ్రరీ రియాక్ట్‌తో, పాఠకుడే దారి ఎంచుకునే ఇంటరాక్టివ్ కథ చేద్దామని మొదలుపెట్టినవాళ్ళు నాకు చూపించేది ఎప్పుడూ ఒకటే చార్టు. పైన ఒక డబ్బా, దాని కింద రెండు, వాటి కింద నాలుగు, అలా కాగితం అంచు దాకా గీతలు. అది చూడగానే బాధేస్తుంది, ఎందుకంటే ఆ కథ పూర్తవ్వదు. నాలుగో వరుస దగ్గర ఓపిక అయిపోతుంది, తప్పు తమదే అనుకుని మానేస్తారు. అందుకని ముందు దీని సంగతే చెప్తాను.

అపోహ: పాఠకుడికి ఎంపిక ఇచ్చామంటే అక్కడ కథ రెండుగా చీలాల్సిందే.

వాస్తవం: చీలక్కర్లేదు. ఏం ఎంచుకున్నాడో కథ గుర్తుపెట్టుకుంటే చాలు.

లెక్క వేయండి. పది చోట్ల రెండేసి దారులిచ్చి ఏదీ మళ్ళీ కలపకపోతే ముగింపులే 1,024. మొదటి సీను నుంచి అన్నీ కలిపితే 2,047. సీనుకు వంద మాటలు రాసినా మొత్తం రెండు లక్షలు దాటుతుంది, అందులో ఒక పాఠకుడు ఒకసారికి చదివేది పదకొండు సీన్లు. ఉద్యోగం చేసుకుంటూనో చదువుకుంటూనో రాత్రిపూట రాసుకునే మనిషి ఎలా రాస్తాడు అంత? ధవళేశ్వరం దగ్గర చీలిన గోదావరి పాయలు గౌతమి, వశిష్ఠ మళ్ళీ కలవకుండా ఎవరి దారిన అవి సముద్రానికి పోతాయి, కథని అందరూ అలాగే ఊహించుకుంటారు. నిజానికి కథ నడవాల్సింది నది మధ్య లంకకి అటొకటి ఇటొకటి పోయి, లంక దాటగానే కలిసిపోయే పాయల్లాగా.

లంక గ్రామాల పిల్లలకు పాఠాలు చెప్పే ఒక టీచరుగారు గోదావరి వరద మీద కథ మొదలుపెట్టారు. మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చింది, గేదెల్ని ఏటిగట్టు మీదకి తోలతావా, ఇంకాసేపు చూద్దామంటావా? కాగితాలు, బియ్యం అటకెక్కిస్తావా? ఎంత మంచి ఆలోచనో చూడండి, ఆ పిల్లలకు ఇది వానాకాలం వస్తే ఇంటి గుమ్మంలోకి వచ్చే విషయం. కానీ ఏదో ఆన్‌లైన్ క్లాసులో ఎన్ని కొమ్మలుంటే అంత గొప్ప కథ అని చెప్పారట. ఆవిడ అది నమ్మి కొమ్మ మీద కొమ్మ వేసుకుంటూ పోయి, చివరికి నాకు ఫోన్ చేసి "ఇంక నా వల్ల కాదండి, వదిలేస్తానండి" అన్నారు. ఆ గొంతు వింటే నాకు కోపం వచ్చింది, ఆవిడ మీద కాదు, అలా చెప్పి పంపినవాళ్ళ మీద.

నేను ఒక్కటే అడిగాను. పిల్లాడు గేదెల్ని తోలినా తోలకపోయినా నీళ్ళు ఆగుతాయా అండీ? ఆగవు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది, ఎవరు ఏం చేసినా అవి వస్తాయి. కాబట్టి ఆ మూడే దారులు కలిసే చోట్లు. స్టేట్‌లో, అంటే కథ గుర్తుపెట్టుకునే సమాచారంలో, మూడు విలువలు: గేదెలు గట్టెక్కాయా, కాగితాలు భద్రమా, బియ్యం పైన పెట్టారా. మూడు అవును-కాదులంటే ఎనిమిది రకాల పరిస్థితులు, అయినా రాయాల్సింది ఒకే సీను, అందులో మూడు వాక్యాలు మాత్రం విలువను బట్టి మారతాయి. మూడో హెచ్చరిక నాటికి పడవలో కూర్చున్న పిల్లాడికి గట్టు మీద నుంచి తన గేదె అరుపు వినిపిస్తుంది, లేదా వినిపించదు. ఆ ఒక్క వాక్యం చేసే పని ఇరవై కొమ్మలు చేయవు. ఆవిడ కథ పూర్తి చేశారు.

రియాక్ట్ పనికొచ్చేది కూడా సరిగ్గా ఇక్కడే, స్టేట్ మారితే తెర మారుతుంది. అందుకని సీనుకో కాంపొనెంట్ (తెర మీద ఒక భాగాన్ని చూపించే కోడ్ ముక్క) రాసి ఫైళ్ళు పెంచుకోకండి. సీన్లన్నీ డేటాగా ఒక ఆబ్జెక్ట్‌లో పెట్టి, సీను చూపించడానికి ఒక కాంపొనెంట్, ఎంపికల బటన్లకి ఒకటి రాసుకుంటే చాలా కథలు నడిచిపోతాయి. నిజంగా చీల్చాల్సిన చోట్లు ఉంటాయి, కాదనను, కానీ అవి చివర్లో ఉంటే రాసేవాడు బతుకుతాడు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

స్టేట్‌ని చూసుకునే విడి లైబ్రరీ రీడక్స్ రాకపోతే కుదరదంటారు. కుదురుతుంది, రియాక్ట్‌లోనే ఉన్న యూజ్‌రెడ్యూసర్ చాలు.

ఒక్కసారి నొక్కితే రెండుసార్లు లెక్కవుతోంది, రియాక్ట్‌లో బగ్ ఉందని ఒక పుకారు. లేదు. తప్పులు పట్టించే స్ట్రిక్ట్ మోడ్, డెవలప్‌మెంట్‌లో మీ అప్‌డేటర్‌ని (స్టేట్‌ని మార్చే ఫంక్షన్‌ని) కావాలనే రెండుసార్లు నడుపుతుంది, మీరు పాత స్టేట్‌నే దిద్దుతుంటే అది బయటపడుతుంది. కాపీ తీసి మార్చండి, స్ట్రిక్ట్ మోడ్‌ని తీసేయకండి.

కోడ్ రానివాళ్ళ పని కాదంటారు. 2009 నుంచి ఇలాంటి కథలు కోడ్ లేకుండా అల్లుకునే ట్వైన్ అనే టూల్ ఉంది, ఉచితం, వట్టి టెక్స్ట్ కథ అయితే అందులోనే చేసుకోండి. రాయడం ఒకచోట, తెర ఇంకోచోట కావాలంటే ఇంకిల్ అనే గేమ్ కంపెనీ వాళ్ళు 2016లో ఓపెన్ సోర్స్ చేసిన, ఇలాంటి కథలు రాసే ఇంక్ భాష ఉంది, దాన్ని జావాస్క్రిప్ట్‌లో నడిపే ఇంక్‌జేఎస్‌తో రియాక్ట్‌కి కలపొచ్చు. అందులో చీలిన దారుల్ని మళ్ళీ కలపడానికి ఒక చిన్న అడ్డగీత గుర్తు చాలు.

తెర మీద తెలుగు సరిగ్గా రాదన్నది ఇంకొకటి. వస్తుంది. అక్షరం అక్షరం టైప్ అవుతున్నట్టు చూపించాలని స్ట్రింగ్‌ని ముక్కలు చేస్తే మాత్రం గుణింతాలు, ఒత్తులు విడిపోయి 'స్త్రీ' కాస్తా ముందు 'స', తర్వాత 'స్', తర్వాత 'స్త' అని వస్తుంది. అక్షరాల హద్దులు చూసి విడదీసే, బ్రౌజర్‌లోనే ఉండే ఇంటల్ సెగ్మెంటర్‌తో గుణింతాలు నిలుస్తాయి, ఒత్తుల దగ్గర పాత బ్రౌజర్లు ఇంకా విడగొడతాయి. పదం పదంగా చూపించండి, చదవడానికి అదే హాయి.

రిఫ్రెష్ చేస్తే కథ మొదటికొస్తుందని టెన్షన్ పడేవాళ్ళకి: స్టేట్‌ని జేసన్‌గా (టెక్స్ట్ రూపంలో) బ్రౌజర్‌లోనే ఉండే లోకల్‌స్టోరేజ్‌లో దాచండి, దానితోపాటు కథ వెర్షన్ నంబరు కూడా పెట్టండి, లేకపోతే మీరు రేపు సీను పేరు మార్చినప్పుడు పాత సేవ్‌లు తెల్లతెర చూపిస్తాయి. బడిలో ఒకే కంప్యూటర్ మీద పదిమంది పిల్లలు ఆడతారు కాబట్టి మొదట్లోనే పేరు అడిగి, ఎవరి సేవ్ వాళ్ళకి విడిగా ఉంచండి.