తోడు చుక్క

చిన్నూ, బుజ్జీ,

పోయినవారం ఫోన్లో చిన్నూ అడిగిన ప్రశ్నకి "ఆగరా, ఉత్తరం రాస్తాను" అని తప్పించుకున్నాను. ఫోటోలో నేనూ నానమ్మా రోడ్డు పక్కన నిలబడి తింటున్నది చూసి, "అది మన పూరీ శనగలే కదా తాతయ్యా! అంతదూరం వెళ్ళి పూరీ తినడమేమిటి?" అన్నాడు వీడు. నానమ్మ పక్కనుంచి విని "వాడన్నది నిజమే" అంది. ఇంట్లోవాళ్ళు కూడా అటే మొగ్గాక జవాబు చెప్పక తప్పదు.

మయామీలో మీ అత్త దగ్గరున్నప్పుడు నాలుగు రోజులకి వెళ్ళొచ్చిన ఊరది. పేరు పోర్ట్ ఆఫ్ స్పెయిన్, ట్రినిడాడ్ అండ్ టొబాగో దేశానికి రాజధాని, ట్రినిడాడ్ అనే దీవిలో ఉంది. కరీబియన్‌లో అన్ని ఊళ్ళుండగా అక్కడికే ఎందుకంటే, ఆ ఊరికీ నాకూ ఒక పాత లెక్క ఉంది. 1976 ఏప్రిల్లో నాకు పదకొండేళ్ళు. ఊరి గ్రంథాలయంలో పేపరు పెద్దవాళ్ళ చేతులు మారి మా దాకా వచ్చేసరికి మధ్యాహ్నమయ్యేది. ఆవేళ అందులో పెద్ద వార్త: వెస్టిండీస్ మీద ఆఖరి ఇన్నింగ్స్‌లో 403 కొట్టాల్సి ఉంటే, మనవాళ్ళు నాలుగే వికెట్లు పోగొట్టుకుని 406 కొట్టేశారు. గవాస్కర్ సెంచరీ, విశ్వనాథ్ సెంచరీ. ఊరి పేరు పోర్ట్ ఆఫ్ స్పెయిన్. "స్పెయిన్లో మనవాళ్ళు గెలిచారు" అని వీధంతా చాటాను. మా సోషల్ మాస్టారు నవ్వలేదు. అట్లాసు చేతికిచ్చి "వెతుకు" అన్నారు. స్పెయినంతా వెతికాను, దొరకలేదు. చివరికి ఆయనే నా వేలు పట్టుకుని సముద్రం దాటించి, వెనెజువెలా పక్కన ఈగ వాలినంత చుక్క చూపించారు. ఆ చుక్క మీద కాలు పెట్టడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఆ క్రికెట్ మైదానం గేటు బయట ఎండలో నిలబడి ఫోటో తీయించుకున్నాను. నానమ్మకి అది ఉత్త గేటు.

సరే, పూరీ సంగతి. దాన్ని అక్కడ డబుల్స్ అంటారు. పొద్దున్నే బండి దగ్గర ఆఫీసుకెళ్ళేవాళ్ళూ, బడిపిల్లలూ, పోలీసులూ అందరూ ఒకే గుంపు. బండివాడు అరచేతిలో కాగితం పరుస్తాడు, పసుపు వేసి పులియబెట్టిన మెత్తటి చిన్న రొట్టెలు రెండు దానిమీద ఒకదాన్నొకటి కాస్త కప్పేలా వేస్తాడు. వాటిని 'బారా' అంటారు. పైన ఒక గరిటె శనగల కూర, కీరదోస తురుము, చింతపండు పులుసు, మిరప సాసు. కాగితం కొసలు మెలితిప్పి చేతిలో పెడతాడు. ఇదంతా నువ్వు మూడు అంకెలు లెక్కపెట్టేలోపు. స్పూను ఇవ్వరు. చొక్కా మీద పడకుండా ముందుకి వంగి తినాలి. మొదట్లో ఒకే రొట్టె మడిచి ఇచ్చేవారట. తినేవాళ్ళు రెండెయ్యమని అడిగీ అడిగీ ఆ పేరు స్థిరపడిందని చెప్పుకుంటారు. ప్రిన్సెస్ టౌన్ అనే ఊళ్ళో 1936లో పుట్టిన తిండి ఇది.

కారం ఎంత వెయ్యాలని బండివాడు అడుగుతాడు. 'స్లైట్' అంటే కొంచెం అని. మీ నానమ్మ గుంటూరు జిల్లా ఆడపడుచు కదా, ఆ మాట తనకి అవమానంలా తోచింది. నిండుగా వెయ్యమంది. ఆ దీవిలో మొరూగా అనే చోటి పేరు పెట్టుకున్న మిరప ఒకటుంది, 2012లో కొలిస్తే అప్పటికి లోకంలోకెల్లా ఘాటైనదని తేలింది. ఈ సంగతి నేను ముందే చెప్పి ఉండాల్సింది. కొబ్బరిబోండాల బండి కనపడేదాకా నానమ్మ నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు నీ ప్రశ్నకొస్తాను. మా చిన్నప్పుడు ఇంట్లో పెరుగు నిండుకుంటే అమ్మ నా చేతికి చిన్న ముంత ఇచ్చి పక్కింటికి పంపేది, తోడు తెమ్మని. వాళ్ళిచ్చేది చెంచాడే. దాన్ని గోరువెచ్చటి పాలల్లో కలిపితే తెల్లారేసరికి గిన్నెడు పెరుగు. తోడు వాళ్ళది, పాలు మా గేదెవి. మరి పెరుగెవరిది? నాలుగురోజులు పోతే ఆ ప్రశ్న ఎవరూ అడగరు.

ట్రినిడాడ్‌లో జరిగింది అలాంటిదే. చెరకుతోటల్లో ఆఫ్రికా మనుషుల్ని బానిసలుగా పెట్టుకుని చేయించేవారు. 1838లో వాళ్ళకి పూర్తి విడుదల దొరికింది. తోటల దొరలకి కూలీలు కావలసివచ్చారు. 1845 మే 30న ఫతేల్ రజాక్ అనే ఓడ కలకత్తా నుంచి రెండొందలమందికి పైగా మనవాళ్ళని తీసుకొచ్చి అక్కడ దింపింది. 1917 దాకా అలా లక్షా నలభైవేలకు పైగా వచ్చారు. ఎక్కువమంది భోజ్‌పురీ మాట్లాడేవాళ్ళు. మద్రాసు రేవు నుంచి ఎక్కినవాళ్ళల్లో తమిళులూ ఉన్నారు, తెలుగువాళ్ళూ ఉన్నారు. అదీ తోడు చుక్క. పాలేమో ఆ నేలవి. అక్కడ డబుల్స్‌లో మన కొత్తిమీర ఉండదు. వాసన అచ్చం అదే, ఆకు మాత్రం పొడుగ్గా, అంచులు రంపప్పళ్ళలా ఉంటాయి. దాని పేరు షాడో బెని. అంటే పాలు మారాయన్నమాట. వంకాయని నిప్పుల మీద కాల్చి, చిదిపి, వెల్లుల్లి వేసి కాగిన నూనె పోస్తారు. నానమ్మ ఒక ముద్ద తిని "మన కాల్చిన వంకాయ పచ్చడే" అంది. దాల్‌పూరీ అని ఇంకొకటుంది, పప్పు కూరి పల్చగా ఒత్తిన రొట్టె. "బెల్లం దొరకని బొబ్బట్టు" అని తేల్చేసింది. ఇంగ్లీషు మాట్లాడుతూనే మధ్యలో జీలకర్రని గీరా అంటారు, పప్పుకి పోపు పెట్టడాన్ని చుంకే అంటారు. తెలుగుమాట ఒక్కటైనా చెవిన పడుతుందేమోనని నాలుగురోజులూ చెవులు రిక్కించుకుని తిరిగాను. పడలేదు. సెయింట్ జేమ్స్ అనే పేటలో మద్రాస్ వీధి అన్న బోర్డు దగ్గర మాత్రం కాసేపు నిలబడ్డాను.

ఇక్కడ నానమ్మ నా పోలికకి అడ్డుపడింది. "పెరుగుని మనం వేస్తాం. వాళ్ళని ఎవరు వేశారు?" అంది. ఒప్పందం కాగితం మీద వేలిముద్ర వేయించుకుని, ఐదేళ్ళు తోటలో కట్టేసిన మనుషులు వాళ్ళు. చాలామంది మళ్ళీ ఇల్లు చూడలేదు. ఏ ఊళ్ళో ఏ తిండి తిన్నా, అది అక్కడికి ఎవరి వీపు మీద వచ్చిందో ఒక్కసారి అడిగి తినండర్రా.

మూడోరోజు సాయంత్రం నా పోలిక పూర్తిగా విరిగిపోయింది. ఒక ఆవరణలో పాతికమంది నూనెపీపాల అడుగులు వాయిస్తున్నారు. స్టీల్‌పాన్ అంటారు. వందేళ్ళకి పైబడిన మాట, అక్కడి తెల్లదొరలు ఆఫ్రికావాళ్ళ డోళ్ళని నిషేధించారు. వీళ్ళు వెదురు బొంగులు నేలకేసి కొట్టారు. తర్వాత బిస్కెట్ డబ్బాలు, చెత్తడబ్బాల మూతలు, చివరికి నూనెపీపాలు. పీపా అడుగుని సుత్తితో కొట్టి గిన్నెలా లోపలికి దించి, నిప్పు మీద కాల్చి, మళ్ళీ సన్నగా కొట్టి ఒక్కో సొట్టనీ ఒక్కో స్వరానికి తెస్తారు. ఇది ఎవరి తోడు, ఎవరి పాలు? నాకు తెలియలేదు. రబ్బరు చుట్టిన పుల్ల తగలగానే ఆ ఇనుము నీళ్ళల్లో గంట మోగినట్టు పలికింది. నానమ్మ చేతిలో ఐస్‌క్రీం కరిగి చీర మీద కారుతున్నా చూసుకోలేదు.

అది ఎలా పలుకుతుందో రాద్దామని రెండు కాగితాలు చింపాను. మీరే చూడండి. వంటింట్లో పెద్ద స్టీలు పళ్ళెం బోర్లించి, గుడ్డ చుట్టిన గరిటెతో మధ్యలో ఒకసారి, అంచు దగ్గర ఒకసారి కొట్టండి. తర్వాత చిన్న పళ్ళెం. ఏది బొంగురుగా పలికిందో, ఏది సన్నగా పలికిందో నాకు రాయండి. పళ్ళేనికి సొట్టపడితే మీ అమ్మతో తాతయ్య చెప్పాడనండి.

మీ
తాతయ్య