ముప్పై దగ్గర గీసిన గీత: డ్రంకెన్ డ్రైవ్ కేసు ఇలా రూపుదిద్దుకుంది

వారాంతపు రాత్రి హైదరాబాద్‌లో ఫలానా వాడిని తనిఖీలో ఆపారని తెలియగానే స్నేహితులు అడిగే మొదటి ప్రశ్న "రీడింగ్ ఎంత వచ్చింది?" అని. తూలుతున్నాడా, బండి అదుపు తప్పిందా, ఎవరికైనా దెబ్బ తగిలిందా అన్నవి ఆ తర్వాతే వస్తాయి. చట్టం అడిగే ప్రశ్నల వరుస కూడా ఇదే. అయితే అది మొదటి నుంచీ అలా లేదు. తాగి బండి నడపడమనే నేరాన్ని మనిషి ప్రవర్తనలో వెతికే రోజుల నుంచి యంత్రం చూపే ఒక అంకెలో వెతికే రోజుల దాకా మన మోటారు వాహనాల చట్టం మెల్లగా నడిచి వచ్చింది. నాంపల్లి క్రిమినల్ కోర్టులో ఇవాళ ఒక్కో డ్రంకెన్ డ్రైవ్ కేసు నిమిషాల్లో ఎందుకు ముగిసిపోతోందో తెలియాలంటే ఈ నడకను కొంచెం వెనక్కి వెళ్లి చూడాలి.

1939 నాటి మోటారు వాహనాల చట్టంలోని 117వ సెక్షన్ మొదట్లో మద్యం లేదా మత్తుమందు ప్రభావంతో వాహనాన్ని సరిగా అదుపు చేయలేని స్థితిలో ఉండి నడపడాన్ని నేరంగా చెప్పింది. ఎంత తాగాడన్నది అక్కడ ప్రశ్న కాదు, అదుపు చేయగలడా లేదా అన్నదే ప్రశ్న. కాబట్టి రుజువు కూడా మనుషుల మాటల మీదే ఆధారపడేది: నోటి నుంచి వాసన వచ్చిందని పోలీసు, నడక తడబడిందని, కనుపాపలు పెద్దవయ్యాయని డాక్టరు సాక్ష్యం చెప్పేవారు. ఇలాంటి లక్షణాల బలమెంతో 1971లో బచుభాయ్ హసనల్లి కర్యానీ కేసులో సుప్రీంకోర్టు తూచి చూసింది. రక్తపరీక్ష చేయించకుండా వాసన, తడబాటు, కనుపాపల వంటి గుర్తులను మాత్రమే పట్టుకుని ఒక మనిషి తాగి ఉన్నాడని తేల్చలేమని చెప్పింది. కంటికి కనిపించిన దానికంటే కొలతకు దొరికిన దానికే విలువ ఎక్కువన్న ఆలోచన బలపడడానికి ఇటువంటి తీర్పులు దోహదం చేశాయి.

1988లో కొత్త చట్టం వచ్చి, 1989 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చేనాటికి భాష పూర్తిగా మారిపోయింది. 185వ సెక్షన్ రక్తంలో మద్యం ఎంత స్వల్ప పరిమాణంలో ఉన్నా నేరమేనంది. వినడానికి కఠినంగా ఉన్న ఈ నిబంధన ఆచరణలో ఇబ్బందికరమైనది. దగ్గు మందులో ఉన్న చుక్క ఆల్కహాలుకూ, నాలుగు పెగ్గులకూ మధ్య తేడా చూపించే వీలు ఇందులో లేదు. 1994లో చేసిన సవరణ ఈ చిక్కును తీర్చింది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉన్నట్టు బ్రీత్ ఎనలైజర్ పరీక్షలో తేలితేనే నేరమని గీత గీసింది. ఇంగ్లండ్ 1967 నుంచి పాటిస్తున్న పరిమితి 80 మిల్లీగ్రాములని గుర్తు చేసుకుంటే మన గీత ఎంత కిందుగా ఉందో తెలుస్తుంది. ఇక్కడ మరో చిన్న మెలిక ఉంది. చట్టం మాట్లాడేది రక్తం గురించి, యంత్రం కొలిచేది ఊపిరిని. అమెరికాలో 1954లో రాబర్ట్ బోర్కెన్‌స్టీన్ తయారు చేసిన బ్రీత్‌ఎలైజర్ నాటి నుంచి ఈ పరికరాలు ఊపిరిలోని మద్యానికి సుమారు 2,100 రెట్లు రక్తంలో ఉంటుందన్న సగటు లెక్కను నమ్ముకుని పనిచేస్తున్నాయి. సగటు అన్నాక మనిషికీ మనిషికీ కొంత తేడా తప్పదు. నోట్లో అప్పుడే పోసుకున్న మద్యం తాలూకు ఆవిరి ఇంకా మిగిలి ఉంటే ఆ తేడా మరింత పెరుగుతుంది.

ఆ సవరణ 1994 నవంబర్ 14న అమల్లోకి వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అప్పుడు జరుగుతున్న కథ వేరు. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం 1992 నాటికి రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబర్‌లో సారా నిషేధాన్ని తెచ్చింది. 1994 డిసెంబర్‌లో అధికారంలోకి వచ్చిన ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్య నిషేధాన్ని అమలు చేసింది. అంటే ఎంత తాగి నడపవచ్చో దేశ చట్టం ఒక అంకె చెప్పిన రెండు నెలలకే, అసలు తాగడమే కుదరదని ఈ రాష్ట్రం చెప్పింది. ఆ నిషేధం రెండేళ్లకే సడలిపోయి 1997లో తొలగిపోయింది. తర్వాత మద్యం ఆదాయం ప్రభుత్వాల బడ్జెట్‌లో విడదీయలేని భాగమైంది. దుకాణానికి లైసెన్సు ఇచ్చే ప్రభుత్వమే దానికి కూతవేటు దూరంలో ఊపిరి పరీక్షకు పోలీసును నిలబెట్టవలసి వచ్చిన స్థితి అక్కడి నుంచే మొదలైందని నా అభిప్రాయం. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్లలోపు మద్యం అమ్మకాలు ఉండకూడదని 2016 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆదేశించినప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ వైరుధ్యమే బయటపడింది. చిన్న ఊళ్ల దగ్గర ఆ దూరాన్ని 220 మీటర్లకు తగ్గిస్తూ 2017 మార్చిలో అదే కోర్టు సడలింపు ఇచ్చింది.

రోడ్డు మీద కఠినత్వం పెరగడానికి మరో కారణం కోయంబత్తూరుకు చెందిన ఎముకల వైద్యుడు డాక్టర్ ఎస్. రాజశేఖరన్ 2012లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం. ఆ కేసులో 2014లో సుప్రీంకోర్టు నియమించిన రోడ్డు భద్రతా కమిటీకి జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్ నేతృత్వం వహించారు. తాగి నడిపినవారి లైసెన్సును కనీసం 3 నెలలు సస్పెండ్ చేయాలని, మొదటిసారి పట్టుబడినవారికి కూడా జైలు శిక్ష కోరాలని ఆ కమిటీ 2015లో రాష్ట్రాలకు నిర్దేశించింది. మరుసటి ఏడు, 2016 జూలై 1న, మద్యం తాగిన విద్యార్థులు ప్రయాణిస్తున్న కారు పంజాగుట్టలో డివైడరు దాటి ఎదురుగా వస్తున్న మరో కారు మీద పడడంతో ఒక చిన్నారి ప్రాణం పోయింది. ఆ కుటుంబంలో మరికొందరిని కూడా ఆ ప్రమాదమే బలి తీసుకుంది. 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదన్న నిబంధన అంతకుముందే ఉంది, కానీ దాన్ని పట్టించుకున్న బార్లు ఎన్ని అన్న ప్రశ్న నగరం గట్టిగా అడిగింది ఆ ఘటన తర్వాతే.

ఇక తనిఖీ దగ్గర చట్టం చెప్పేదేమిటో చూద్దాం. 203వ సెక్షన్ ప్రకారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి ఊపిరి పరీక్షకు రమ్మని అడగవచ్చు. నిరాకరిస్తే వారెంటు లేకుండానే అరెస్టు చేయవచ్చు, పైగా 205వ సెక్షన్ కింద ఆ నిరాకరణే ప్రాసిక్యూషన్ సాక్ష్యానికి బలం చేకూర్చే అంశంగా కోర్టు భావించవచ్చు. అరెస్టయిన మనిషికి పోలీస్ స్టేషన్లో మరోసారి ఊపిరి పరీక్షకు అవకాశం ఇవ్వాలని కూడా 203వ సెక్షనే చెబుతుంది. ఈ సంగతి తెలిసినవారు చాలా తక్కువ. 202వ సెక్షన్ కింద అరెస్టు చేస్తే రెండు గంటల్లోగా రిజిస్టర్డ్ డాక్టరు చేత పరీక్ష చేయించాలి, లేకపోతే విడిచిపెట్టాలి. బండి విషయంలో చాలాకాలం గందరగోళం నడిచింది. తాగి నడిపాడన్న కారణంతో బండిని స్వాధీనం చేసుకునే అధికారం పోలీసులకు లేదని 2021 నవంబర్‌లో తెలంగాణ హైకోర్టు జస్టిస్ కె. లక్ష్మణ్ స్పష్టం చేశారు. పక్కన తాగనివారు, లైసెన్సు ఉన్నవారు ఉంటే వారికి బండి అప్పగించాలని, లేకపోతే బంధువులనో స్నేహితులనో పిలిపించాలని, ఎవరూ రాకపోతే భద్రంగా ఉంచి తర్వాత పత్రాలు చూసి తిరిగి ఇవ్వాలని ఆ తీర్పు చెప్పింది. పక్కన కూర్చున్నవారు కూడా పూర్తిగా నిశ్చింతగా ఉండలేరు. తాగినవాడిని బండి నడపమని ప్రోత్సహించినట్టు తేలితే 188వ సెక్షన్ వారికీ అదే శిక్ష చెబుతుంది.

చాలామంది పొరపడేది ఈ తర్వాతి దశలోనే. సిగ్నల్ జంపింగ్, హెల్మెట్ లేకపోవడం వంటి వాటికి ఫోన్లోనే చలానా కట్టి వదిలించుకునే అలవాటుతో డ్రంకెన్ డ్రైవ్‌కూ అంతేననుకుంటారు. అక్కడికక్కడే డబ్బు కట్టి రాజీ చేసుకునే నేరాల జాబితా 200వ సెక్షన్లో ఉంది, 185వ సెక్షన్ ఆ జాబితాలో లేదు. అందువల్ల మేజిస్ట్రేటు ముందుకు వెళ్లక తప్పదు. 2019 సవరణ తర్వాత ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుంచి పెరిగిన చలానా మొత్తాలను తెలంగాణ ప్రభుత్వం వెంటనే స్వీకరించలేదు, ఎందుకంటే రాజీ రుసుము నిర్ణయించే వెసులుబాటు రాష్ట్రాలకు ఉంది. డ్రంకెన్ డ్రైవ్ శిక్ష మాత్రం పార్లమెంటు రాసినదే. మొదటిసారి 6 నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ అన్న చట్రం పాతదే. "2,000 రూపాయల వరకు" అన్న జరిమానా మాత్రం 10,000 రూపాయలైంది. రెండోసారైతే జైలు 2 సంవత్సరాల వరకు, జరిమానా 3,000 నుంచి 15,000 రూపాయలకు మారింది.

హైదరాబాద్‌లో పట్టుబడినవారిని కోర్టుకు పంపే ముందు గోషామహల్, బేగంపేటల్లోని ట్రాఫిక్ శిక్షణ సంస్థల్లో కౌన్సెలింగ్‌కు పిలవడం ఆనవాయితీ. తల్లిదండ్రులో, భార్యో వెంట రావాలి. జరిమానా కంటే ఆ గదిలో నాన్న పక్కన కూర్చోవడమే ఎక్కువ బాధించిందని చెప్పేవారున్నారు. ఆ తర్వాత ఛార్జిషీటు వేస్తారు. కోర్టులో ఈ కేసులు సాధారణంగా సంక్షిప్త విచారణ పద్ధతిలో నడుస్తాయి. ఆ పద్ధతిలో 3 నెలలకు మించి జైలు శిక్ష వేయడానికి వీల్లేదు. మేజిస్ట్రేటు నేరం ఏమిటో చదివి వినిపించి, ఒప్పుకుంటున్నారా అని అడుగుతారు. వరుసలో నిలబడ్డవారిలో చాలామంది వెంటనే ఒప్పుకుంటారు. కొందరికి జరిమానాతో పాటు కోర్టు లేచేవరకు అక్కడే కూర్చోమంటారు, కొందరికి కొన్ని రోజుల జైలు, ఇంకొందరికి సామాజిక సేవ. 185వ సెక్షన్లో ఉన్నది 30 అనే ఒకే గీత. 40 వచ్చినా 240 వచ్చినా చట్టం దృష్టిలో నేరం ఒకటే. అయితే శిక్ష ఎంతన్నది మేజిస్ట్రేటు విచక్షణకు వదిలింది కాబట్టి రీడింగ్ పెరిగేకొద్దీ శిక్ష బరువెక్కడం సహజంగా జరుగుతోంది. స్నేహితులు మొదట అడిగే ప్రశ్నకు అర్థం అక్కడే ఉంది.

ఒప్పుకోవడం సులువు కాబట్టి అదే మేలని వకీలు లేకుండానే తలూపేవారికి తెలియని సంగతి ఒకటుంది. నేరం ఒప్పుకున్నాక పడిన శిక్ష మీద అప్పీలు చేస్తే, శిక్ష ఎక్కువైందనో చట్టబద్ధం కాదనో మాత్రమే వాదించగలరు, నేరమే చేయలేదని వాదించే దారి మూసుకుపోతుంది. యంత్రాన్ని చివరిసారి ఎప్పుడు సరిచూశారు, పరీక్ష ఏ సమయంలో జరిగింది, ముద్రిత రసీదు మీద వివరాలు సరిగా ఉన్నాయా అన్న ప్రశ్నలు వేయాలంటే నేరం ఒప్పుకోకుండా విచారణ కోరాలి. రీడింగ్ స్పష్టంగా ఉన్నప్పుడు ఆ దారి అందరికీ లాభం చేస్తుందని చెప్పలేం. ఆ దారి ఉందని తెలిసి వదులుకోవడం వేరు, తెలియక వదులుకోవడం వేరు.

ప్రమాదంలో ప్రాణం పోతే కేసు ఈ చట్టం దాటిపోతుంది. నిర్లక్ష్యం వల్ల మరణానికి పాత శిక్షాస్మృతిలోని 304-ఎ సెక్షన్ 2 సంవత్సరాల వరకే శిక్ష చెప్పేది. 2006లో ముంబయిలోని కార్టర్ రోడ్డు మీద కాలిబాటపై నిద్రిస్తున్నవారిలో 7 మందిని బలిగొన్న అలిస్టర్ పెరీరా కేసులోనూ, 1999లో ఢిల్లీలో 6 మంది మరణించిన సంజీవ్ నందా కేసులోనూ సుప్రీంకోర్టు 2012లో ఆ పరిమితిని దాటింది. తాగి, అతివేగంగా నడిపితే ప్రాణాలు పోవచ్చని తెలిసే నడిపినట్టు భావించి, హత్య కిందికి రాని ప్రాణహరణంగా 304 రెండో భాగం కింద శిక్షించవచ్చని చెప్పింది. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఈ రెండూ 106, 105 సెక్షన్లయ్యాయి. నిర్లక్ష్య మరణానికి శిక్ష 5 సంవత్సరాల వరకు పెరిగింది.

కోర్టు బయటి పర్యవసానాలు కూడా తక్కువేమీ కావు. తాగి నడిపిన కారుకు జరిగిన నష్టానికి బీమా కంపెనీ పరిహారం నిరాకరించవచ్చని 2021లో సుప్రీంకోర్టు పెర్ల్ బెవరేజెస్ కేసులో చెప్పింది. అమెరికాలో ఉన్న తెలుగువారిలో ఈ భయం మరోలా ఉంటుంది. తాగి నడిపినందుకు అరెస్టయితే, శిక్ష పడకముందే వీసాను రద్దు చేసే విధానాన్ని అక్కడి విదేశాంగ శాఖ 2015 నుంచి పాటిస్తోంది.

ఇక్కడి చట్టంలో మాత్రం 2019 సవరణ చడీచప్పుడు లేకుండా తీసేసిన కొన్ని మాటల ప్రభావం ఇప్పుడిప్పుడే కనిపిస్తోంది. అంతకుముందు మొదటి నేరం జరిగిన 3 సంవత్సరాల్లోపు మళ్లీ పట్టుబడితేనే అది రెండో నేరం. ఆ గడువు ఇప్పుడు లేదు. పాతికేళ్ల వయసులో కోర్టులో తలూపి జరిమానా కట్టి మర్చిపోయిన కేసు, ఆ మనిషి నలభై దాటాక మళ్లీ ఒక రాత్రి పట్టుబడితే, మొదటి నేరంగా మేజిస్ట్రేటు బల్ల మీదికి వస్తుంది.