నలుగురిలో ఒకరికి ఉండే సందు, 140 ఏళ్ల అనుమానం

2005 డిసెంబరు 18న అప్పటి ఇజ్రాయెల్ ప్రధాని ఏరియల్ షరాన్‌కు చిన్నపాటి బ్రెయిన్ స్ట్రోక్ వచ్చింది. రెండు రోజుల్లోనే ఆసుపత్రి నుంచి బయటికొచ్చారు. పరీక్షలు చేస్తే గుండె పై గదుల మధ్య గోడలో చిన్న సందు ఉన్నట్టు తేలింది. రక్తపు గడ్డ ఆ సందులోంచే మెదడుకు చేరి ఉంటుందని డాక్టర్లు అనుకున్నారు. కాథెటర్ అనే సన్నని గొట్టంతో దాన్ని మూసేద్దామని 2006 జనవరి 5కు తేదీ ఖాయం చేసి, అందాకా రక్తం గడ్డకట్టకుండా మందులు ఇచ్చారు. సరిగ్గా ముందురోజు రాత్రి ఆయన మెదడులో భారీగా రక్తస్రావమైంది. ఎనిమిదేళ్లు కోమాలోనే ఉండి 2014 జనవరిలో కన్నుమూశారు. మెదడు రక్తనాళాలను పెళుసుబార్చే అమిలాయిడ్ జబ్బు కూడా ఆయనకు ఉందని తర్వాత పత్రికల్లో వచ్చింది. స్ట్రోక్ వచ్చేనాటికి ఆయనకు 77 ఏళ్లు. ఆ వయసులో స్ట్రోక్ వస్తే ఇప్పటి డాక్టర్లు ఈ సందును అనుమానించేది అన్నిటికన్నా చివర్లోనే.

అసలు ఈ సందు జబ్బు కాదు. కడుపులో ఉన్న బిడ్డకు అది లేకపోతేనే కష్టం. పుట్టేవరకు ఊపిరితిత్తులకు పని ఉండదు. ఆక్సిజన్ ఉన్న రక్తం తల్లి మాయ నుంచి బొడ్డు సిర ద్వారా వచ్చి గుండెలో కుడి కర్ణికకు, అంటే కుడివైపు పై గదికి చేరుతుంది. అక్కణ్నుంచి ఊపిరితిత్తుల వైపు పోకుండా ఈ సందులోంచి నేరుగా ఎడమ కర్ణికకు, ఆపై మెదడుకు వెళ్తుంది. బిడ్డ పుట్టి మొదటి ఊపిరి తీయగానే ఎడమవైపు ఒత్తిడి పెరిగి, సందుకు అడ్డంగా ఉన్న పొర గోడకు అతుక్కుంటుంది. చాలామందిలో కొన్నాళ్లకు అది కలిసిపోతుంది. కొందరిలో మాత్రం ఒకవైపే తెరుచుకునే తలుపులా మిగిలిపోతుంది. మామూలుగా మూసే ఉంటుంది గానీ, గట్టిగా దగ్గినా, ముక్కినా, బరువెత్తినా కుడివైపు ఒత్తిడి క్షణకాలం పెరిగి తెరుచుకుంటుంది. వైద్యులు దీన్ని పేటెంట్ ఫొరామెన్ ఓవలే, క్లుప్తంగా పీఎఫ్‌ఓ అంటారు. గుండెకు చిల్లు అనగానే మనకు గుర్తొచ్చేది ఆరోగ్యశ్రీ కింద చిన్నపిల్లలకు చేసే ఆపరేషన్లు. అది వేరే సంగతి. అక్కడ గోడలో కొంత భాగం ఏర్పడనే లేదు. ఇక్కడ గోడ ఉంది, పొర ఉంది, రెండూ అతుక్కోలేదంతే.

ఎంతమందికి అతుక్కోదు? 1984లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు, వేరే కారణాలతో చనిపోయినవారి 965 మామూలు గుండెలను పరిశీలించి లెక్క తేల్చారు: 27 శాతం మందికి సందు ఉంది. ముప్పై లోపువారిలో 34 శాతం, ఎనభై దాటినవారిలో 20 శాతం. అంటే స్థూలంగా నలుగురిలో ఒకరు. ఈ కథలోని చిక్కంతా ఆ లెక్కలోనే ఉంది.

రెండో శతాబ్దంలోనే గ్రీకు వైద్యుడు గేలెన్ ఈ దారి గురించి రాశాడు. దాన్ని స్ట్రోక్‌తో ముడిపెట్టింది మాత్రం జర్మన్ పాథాలజిస్టు యూలియస్ కోన్‌హైమ్. మెదడు ధమనిలో గడ్డ అడ్డుపడి చనిపోయిన 35 ఏళ్ల స్త్రీకి ఆయన శవపరీక్ష చేశారు. గుండె ఎడమవైపు గడ్డ పుట్టే చోటేదీ దొరకలేదు. కాలి సిరలో మాత్రం పెద్ద గడ్డ ఉంది. కాలి సిరలో గడ్డ విడివడితే ఊపిరితిత్తుల్లో చిక్కుకోవాలి తప్ప మెదడుకు పోకూడదు. గుండె కోసి చూస్తే మూడు వేళ్లు పట్టేంత పెద్ద పీఎఫ్‌ఓ కనిపించింది. 1877లో అచ్చయిన తన ఉపన్యాసాల్లో ఆయన ఈ సంగతి రాశారు. ఆ తర్వాత దాదాపు వందేళ్లు ఇది శవపరీక్షల బల్లమీద అరుదుగా కనిపించే వింతగానే ఉండిపోయింది. బతికున్న మనిషిలో సందును చూసే మార్గం లేదు మరి.

శబ్ద తరంగాలతో గుండెను తెరమీద చూపే ఎకో కార్డియోగ్రఫీ ఆ మార్గం చూపింది. రెండు సిరంజిల మధ్య సెలైన్‌ను కొద్దిగా గాలితో అటూ ఇటూ చిలికితే సన్నని బుడగలు వస్తాయి. వాటిని చేతి సిరలోకి ఎక్కించి రోగిని ముక్కమంటారు. బుడగలు ఊపిరితిత్తుల్లో ఆగిపోతే సరి. మూడు గుండె చప్పుళ్ల లోపు ఎడమ కర్ణికలో కనిపించాయంటే సందు ఉన్నట్టే. 1988లో పారిస్‌లో లెషా బృందం ఈ పద్ధతితో 55 ఏళ్ల లోపు స్ట్రోక్ రోగులు 60 మందిని పరీక్షించింది. వాళ్లలో 40 శాతం మందికి పీఎఫ్‌ఓ ఉంది. స్ట్రోక్ లేనివారిలో 10 శాతానికే ఉంది. ఏ కారణమూ దొరకని స్ట్రోక్ రోగుల్లోనైతే సగం దాటింది. అదే ఏడాది న్యూజిలాండ్ నుంచీ అలాంటి ఫలితమే వచ్చింది.

కారణం దొరకని స్ట్రోక్ అరుదేమీ కాదు. గడ్డ అడ్డుపడి వచ్చే స్ట్రోకుల్లో దాదాపు నాలుగో వంతు ఇలాంటివే. బీపీ, షుగర్, మెడ ధమనుల్లో పూడిక, గుండె లయ అన్నీ చూసినా నేరస్తుడు దొరకడు. అలాంటప్పుడు సందు కనబడితే ఎవరికైనా వేలు దానివైపే వెళ్తుంది. కానీ దారిన పోయే నలుగురిని ఆపి చూసినా ఒకరికి సందు ఉంటుంది కదా. ఉన్నంత మాత్రాన దాని మీద నేరం మోపగలమా? 2001లో ఫ్రాన్స్‌కు చెందిన జాన్ లూయీ మాస్ బృందం ఈ ప్రశ్నను మరింత పదునెక్కించింది. స్ట్రోక్ తర్వాత ఆస్పిరిన్ మీద ఉన్న 581 మందిని నాలుగేళ్లు గమనిస్తే, సందు లేనివారిలో 4.2 శాతం మందికి మళ్లీ స్ట్రోక్ వచ్చింది. సందు ఉన్నవారిలో? 2.3 శాతమే. ఇక సందుతో పాటు కర్ణికల మధ్య గోడ వదులుగా ఉబ్బి ఊగుతున్నవారిలో 15.2 శాతం! సందులన్నీ ఒకటి కాదని చెప్పిన తొలి గట్టి ఆధారం ఇదే. దాన్ని తగినంతగా పట్టించుకోలేదు.

ఎందుకంటే అప్పటికే మూసే పరికరాలు వచ్చేశాయి. 1992లో బోస్టన్ పిల్లల ఆసుపత్రి వైద్యులు 36 మందికి కాథెటర్‌తో సందు మూసిన అనుభవాన్ని ప్రచురించారు. తొడ సిరలోంచి సన్నని గొట్టం పంపి, గోడకు రెండువైపులా విచ్చుకునే చిన్న గొడుగు లాంటి పరికరాన్ని బిగిస్తారు. ఛాతీ కోయక్కర్లేదు, ఒకట్రెండు రోజుల్లో ఇంటికి వెళ్లొచ్చు. మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ కొన్ని పరికరాలకు అరుదైన జబ్బుల కోసం ఉద్దేశించిన ప్రత్యేక వెసులుబాటు కింద అనుమతి ఇచ్చింది. అప్పట్లో ఏడాదికి 4,000 మందికి మించని జబ్బులకే ఆ వెసులుబాటు ఉండేది. జనాభాలో నాలుగో వంతుకు ఉన్న సందును ఆ చట్రంలో ఇరికించడం ఎవరికీ వింతగా తోచలేదేమో! 2006లో వాడకం ఆ పరిమితి దాటిపోయిందని వెసులుబాటు ఉపసంహరించారు.

అసలు నష్టం ఇక్కడే జరిగిందని నా అభిప్రాయం. క్లినికల్ ట్రయల్‌లో చేరితే చీటీ తీసినట్టు సగం మందికి పరికరం, సగం మందికి మందులు. అదే పరికరం బయట మామూలుగా దొరుకుతుంటే, స్ట్రోక్ వచ్చి భయపడిపోయిన నలభై ఏళ్ల మనిషి ఆ చీటీకి ఎందుకు ఒప్పుకుంటాడు? రెస్పెక్ట్ అనే ట్రయల్‌లో 980 మందిని చేర్చుకోవడానికి 2003 నుంచి 2011 దాకా పట్టింది. ముప్పు ఎక్కువున్నవాళ్లు ట్రయల్‌కు రాకుండా బయటే పరికరం పెట్టించుకున్నారన్న అనుమానం చాలామంది నిపుణులది.

2012లో క్లోజర్-1 అనే ట్రయల్ ఫలితం వచ్చింది: 909 మంది, పరికరానికీ మందులకూ తేడా లేదు. 2013లో రెస్పెక్ట్, పీసీ అనే ఇంకో ట్రయల్ కూడా గట్టిగా తేల్చలేకపోయాయి. రెస్పెక్ట్‌లో పరికరం వైపు 9 స్ట్రోకులు, మందుల వైపు 16. పరికరం వైపు లెక్కలో పడిన 9 మందిలో ముగ్గురికి స్ట్రోక్ వచ్చేనాటికి పరికరం పెట్టనే లేదు.

క్లోజర్-1లో వాడిన స్టార్‌ఫ్లెక్స్ పరికరానిది ఇంకో కథ. పీఎఫ్‌ఓ మూస్తే మైగ్రేన్ తగ్గుతుందేమో చూడాలని దాన్నే వాడి బ్రిటన్‌లో మిస్ట్ అనే ట్రయల్ చేశారు. తగ్గలేదు. అందులో పాల్గొన్న కార్డియాలజిస్టు పీటర్ విల్మ్స్‌హర్స్ట్ ఆ ట్రయల్ తీరును బహిరంగంగా విమర్శిస్తే, తయారీ కంపెనీ ఎన్‌ఎంటీ మెడికల్ లండన్‌లో ఆయన మీద పరువునష్టం దావా వేసింది. 2011లో కంపెనీ మూతపడ్డాక గానీ ఆ కేసు వదల్లేదు. శాస్త్రవేత్తల నోరు మూయించే దావాలకు ఉదాహరణగా ఈ కేసు బ్రిటన్‌లో పరువునష్టం చట్టాన్ని మార్చాలన్న ఉద్యమానికి బలమిచ్చింది. 2013లో చట్టం మారింది.

2017 సెప్టెంబరులో గాలి తిరిగింది. ఒకే సంచికలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ మూడు ట్రయల్స్ ప్రచురించింది. ఫ్రాన్స్‌లో జరిగిన క్లోజ్ ట్రయల్‌కు సారథి 2001 నాటి మాసే. ఈసారి పెద్ద సందు, లేదా ఊగే గోడ ఉన్నవారినే తీసుకున్నారు. ఐదేళ్లకు పైగా గమనిస్తే సందు మూసిన 238 మందిలో ఒక్కరికీ స్ట్రోక్ రాలేదు. ఆస్పిరిన్ తరహా మందులే వాడిన 235 మందిలో 14 మందికి వచ్చింది. గోర్ రెడ్యూస్ ట్రయల్, మరికొన్నేళ్లు కొనసాగించిన రెస్పెక్ట్ కూడా మూయడం వైపే మొగ్గాయి. ఎంపికలో పట్టు, ఓపిగ్గా ఎదురుచూడటం ఫలితాన్ని మార్చాయి.

పరికరం ఖర్చు లేని మేలేమీ కాదు. రెడ్యూస్‌లో మూయించుకున్నవారిలో 6.6 శాతం మందికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ తప్పడం కనిపించింది, మందుల వైపు 0.4 శాతమే. ఎక్కువగా తొలి వారాల్లోనే వచ్చి తగ్గిపోయేది గానీ, అదీ స్ట్రోక్‌కు దారితీయగలదే. పైగా మళ్లీ స్ట్రోక్ వచ్చే ముప్పే అసలు చిన్నది. ఆరు ట్రయల్స్‌లోని 3,740 మందిని కలిపి 2021లో చూస్తే, మందుల మీద ఉన్నవారికి ఏడాదికి సుమారు 1.1 శాతం, మూసినవారికి 0.5 శాతం లోపు.

అందుకే ఇప్పుడు సందు ఉందా అని అడగడంతో డాక్టర్లు ఆగరు, ఈ స్ట్రోక్ దాని పనేనా అని చూస్తారు. 2013లో వచ్చిన రోప్ స్కోరు పదికి మార్కులేస్తుంది. వయసు తక్కువైతే, బీపీ, షుగర్, పొగ అలవాటు లేకపోతే మార్కులు పెరుగుతాయి. అంటే మిగతా కారణాలు తగ్గేకొద్దీ సందు మీద అనుమానం పెరుగుతుంది. దానికి సందు పరిమాణాన్ని, గోడ తీరును జోడించింది పాస్కల్ వర్గీకరణ. 2021 విశ్లేషణలో సందే కారణమయ్యే అవకాశం బాగా ఉన్నవారికి మూయడం వల్ల మళ్లీ స్ట్రోక్ వచ్చే ముప్పు 90 శాతం తగ్గింది. అవకాశం లేనివారికి ఏమీ ఒరగలేదు, లయ తప్పే బెడద మాత్రం మిగిలింది. హైదరాబాదు నుంచి అమెరికా వెళ్లే ఇరవై గంటల ప్రయాణంలో కాళ్లు కదపకుండా కూర్చున్నాక స్ట్రోక్ వస్తే, గడ్డ కాలి సిరలోనే పుట్టి ఉండొచ్చు కాబట్టి, ఆ సిరలు చూడమని డాక్టరుకు ఆ ప్రయాణం సంగతి తప్పక చెప్పాలి.

60 దాటినవారి విషయం ఇంకా తేలలేదు. ప్రధాన ట్రయల్స్ చాలావరకు ఆ వయసు దగ్గరే గీత గీశాయి. అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ 2020 సలహా కూడా 18 నుంచి 60 ఏళ్ల వారిని దృష్టిలో పెట్టుకున్నదే. 2018లో కొరియా నుంచి వచ్చిన డిఫెన్స్ ట్రయల్‌లో వయసు మళ్లినవారు కొందరున్నారు గానీ, అందరూ కలిపి 120 మందే.